కరెంటు బిల్లు నుంచి చెరువు మొరవ దాకా: మన పంచాయతీతో వాతావరణ పని చేయించే పద్ధతి

పంచాయతీ ఆఫీసుకు పోయి "కర్బన ఉద్గారాలు తగ్గిద్దాం" అంటే కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, అంతటితో సరి. అదే సర్పంచ్ దగ్గర "వీధి లైట్ల బిల్లు సగానికి తగ్గించే దారుంది" అనండి, అప్పటికప్పుడు కార్యదర్శిని పిలిచి ఫైలు తెమ్మంటాడు. "కార్బన్ సంగతి తర్వాత చూద్దాం గానీ సామీ, ముందీ బిల్లు సంగతి జెప్పు" అనే మాట మన వైపు ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. ఆ మాటను అడ్డంకి అనుకోకండి. పని మొదలుపెట్టాల్సింది అక్కడే.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తమ పంచాయతీతోనో మున్సిపాలిటీతోనో ఈ పని చేయించాలనుకునే యువజన సంఘాలు, డ్వాక్రా సంఘాలు, రిటైరైన ఉద్యోగులు, కాలేజీ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అధికారంలో ఉన్నవాళ్లతో తగాదా పెట్టుకోకుండా, వాళ్లు చేయగలిగిన పనిని వాళ్ల ముందు సిద్ధంగా పెట్టడం ఎలాగో ఇందులో ఉంది.

ముందు ఒక లెక్క

గోదావరి జిల్లాల్లో కాలువ నీళ్లు వాటంతటవే పారతాయి. మనకు నీళ్లంటే బోరు, బోరంటే కరెంటు. వెయ్యి లీటర్ల నీళ్లను 100 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి భౌతికశాస్త్రం లెక్కన కావలసింది 0.27 యూనిట్. మోటారులో, పంపులో సగం శక్తి వృథా అవుతుంది కాబట్టి నిజానికి 0.55 దాకా కాలుతుంది. అదే నీరు 250 మీటర్లకు, అంటే 800 అడుగుల పైచిలుకుకు దిగిపోతే 1.4 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది.

చెరువు నిండిన ఏడాది చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం పైకొస్తుంది. మోటారు తక్కువసేపు ఆడుతుంది, తక్కువ ఎత్తుకు తోడుతుంది. కరువును తట్టుకోవడం, ఉద్గారాలు తగ్గించడం అని పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా రాస్తారు గానీ, మన జిల్లాల్లో చెరువు దగ్గర ఆ రెండూ ఒకే పని. నన్నడిగితే ఇక్కడ మొక్కలు నాటే కార్యక్రమం కన్నా చెరువు వంక, అంటే చెరువుకు నీరు తెచ్చే వాగు, బాగుచేయడం ముందు రావాలి.

మొదటి అడుగు: ఏది ఎవరి చేతిలో ఉందో రాసుకోండి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలు రాసిచ్చింది. చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం అన్నీ అందులో ఉన్నాయి. 74వ సవరణ పట్టణాలకు 18 అంశాలు ఇచ్చింది. కాగితం మీద ఇంత ఉన్నా, ఊళ్లో ఒక్క చెరువునే తీసుకుంటే కట్ట, తూము జలవనరుల శాఖ చూస్తుంది. పోరంబోకు హద్దులు రెవెన్యూవి. పూడిక పని ఉపాధి హామీ వాళ్లది. చేపల వేలం ఇంకొకరిది. ఊరి కాలువ మాత్రం పంచాయతీది. ఎవరిది ఏదో తెలియకుండా సర్పంచ్ మీద పడితే ఆయన "అది మాది కాదు" అంటాడు, ఆ మాట నిజమే కూడా.

అందుకని ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. పంచాయతీ సొంతంగా చేయగలిగేవి: వీధి లైట్లు, తాగునీటి మోటార్లు, చెత్త, ఊరి కాలువలు. పంచాయతీ తీర్మానం చేస్తే వేరే శాఖ చేయగలిగేవి: చెరువు, సప్లయి కాలువ, ట్రాన్స్‌ఫార్మరు, బడి, అంగన్‌వాడీ. పంచాయతీ చేతిలో లేనివి: రైతుల బోర్లు, హైవే మీద లారీలు, ఫ్యాక్టరీలు. మొదటి ఏడాది మొదటి గడిలోని పనులే పట్టుకోండి, రెండో గడిలోంచి ఒక్క పని చాలు.

రెండో అడుగు: పన్నెండు నెలల బిల్లులు

గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు. పంచాయతీ పేరు మీదున్న కరెంటు సర్వీసు నంబర్లన్నీ, ఒక్కోదానికి 12 నెలల యూనిట్లు, బిల్లు మొత్తం రాసివ్వమని అడగండి. కరెంటు పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది గానీ ఈ పనికి అక్కడిదాకా పోనక్కర్లేదు. సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర దొరుకుతుంది.

జాబితా చేతికొచ్చాక దాన్ని పట్టుకుని ఊరంతా తిరగండి. ఒక్కో సర్వీసు దగ్గర నిలబడి చూడండి. ఎండిపోయిన బోరుకు సర్వీసు ఇంకా నడుస్తూ, చుక్క నీరు రాకపోయినా నెలనెలా ఛార్జీ పడుతూ ఉండవచ్చు. మీటరు ఆగిపోయి సగటు లెక్కన బిల్లు వేస్తూ ఉండవచ్చు. ఎవరి ఇంటి లైనో వీధి లైటు తీగ మీద వేలాడుతూనూ ఉండవచ్చు. ఆ చివరిది మాత్రం గ్రామసభలో పేరుపెట్టి చెప్పకండి, కార్యదర్శి చెవిన వేయండి చాలు. పని సాగాలంటే ఊళ్లో నలుగురితో మంచిగా ఉండాలి.

యూనిట్లను 0.7తో గుణిస్తే కిలోల్లో ఉద్గారాలు వస్తాయి. ట్రాక్టరుకు, చెత్త ఆటోకు డీజిల్ కొంటే లీటరుకు 2.7 కిలోలు వేసుకోండి. పంచాయతీ సొంత ఉద్గారాల పద్దుకు ఇంతకన్నా పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మూడో అడుగు: మోటారు పరీక్ష

ఒక పొద్దుటి పూట పని ఇది. ఎంత ఆదా ఉన్నా ఎవరూ చేయని పని కూడా ఇదే.

ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగండి. నీళ్లు వదిలే మనిషిని వెంటబెట్టుకోండి. ఆయనకు తెలిసినంత ఇంజనీరుకు కూడా తెలియదు. మీటరు రీడింగు రాసుకోండి. గేటు వాల్వు మూసి, మోటారు వేసి, ట్యాంకు పొర్లేదాకా ఉంచి, మళ్లీ రీడింగు చూడండి. ట్యాంకు 40 వేల లీటర్లది, 38 యూనిట్లు కాలాయి అనుకుందాం. వెయ్యి లీటర్లకు 0.95 యూనిట్ పడింది. మోటారు ఆడుతున్నప్పుడు నీటి మట్టం 90 మీటర్లలో ఉంది, ట్యాంకు ఎత్తు 15 మీటర్లు. అంటే మొత్తం 105 మీటర్లు. సిద్ధాంతం ప్రకారం 0.29 చాలు. సగం వృథా పోయినా 0.57 దాటకూడదు. 23 యూనిట్లతో నిండాల్సిన ట్యాంకు 38 తాగింది. రోజుకొకసారి నింపినా ఏడాదికి 5 వేల యూనిట్లకు పైగా, బరువులో చెప్పాలంటే మూడున్నర టన్నులకు మించి కార్బన్ డయాక్సైడ్, ఊరికే పోయింది.

కారణాలు సాధారణంగా నాలుగు. కాలిన మోటారుకు మళ్లీ మళ్లీ వైండింగ్ చేయించడం మొదటిది. సరిగ్గా చేయని ప్రతి వైండింగ్‌తో కరెంటు వాడకం పెరుగుతుంది. బోరు లోపలి పైపుల జాయింటు కారడం రెండోది. దీన్ని పైనుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు, మోటారు పైకి తీసినప్పుడే తెలుస్తుంది. మూడోది వోల్టేజీ. నాలుగోది మన నమ్మకం: హెచ్‌పీ ఎక్కువైతే నీళ్లు ఎక్కువొస్తాయని. ఏడున్నర చాలే చోట పది దించుతారు. బోరులో ఊట అంత లేకపోతే ఆ మోటారు కాసేపు నీళ్లు, కాసేపు గాలి లాగుతూ త్వరగా కాలుతుంది. మళ్లీ వైండింగ్, మళ్లీ బిల్లు.

కొత్త మోటారు కొనాల్సివస్తే అంచనా కాగితంలో "10 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్" అని మాత్రమే రాయనివ్వకండి. ఎంత ఎత్తుకు, గంటకు ఎన్ని లీటర్లు, కరెంటు ఆదాను చెప్పే బీఈఈ స్టార్ గుర్తులు ఎన్ని అని మూడూ రాయించండి.

నాలుగో అడుగు: పగలు వెలిగే లైట్లు

మన ఊళ్లల్లో పొద్దున పదింటికి కూడా వీధి లైట్లు వెలుగుతుండటం చూసే ఉంటారు. 20 వాట్ల ఎల్‌ఈడీలు 200 ఉన్నాయనుకుందాం. రాత్రి 12 గంటలకు 48 యూనిట్లు. ఆపే దిక్కు లేక పగలూ వెలిగితే ఇంకో 48. ఏడాదికి 17,520 యూనిట్లు, 12 టన్నులు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల దాకా పీల్చుకుంటుందని స్థూలంగా లెక్కవేస్తారు. ఈ ఒక్క స్విచ్చు ఆపడం 600 చెట్లతో సమానం. టైమరు పెట్టించండి. సెన్సరు కన్నా టైమరే మేలు, సెన్సరు మీద పక్షి రెట్ట వేసినా, దుమ్ము పట్టినా అది పగలును రాత్రి అనుకుంటుంది.

ఐదో అడుగు: అప్పుడు సోలార్

చాలామంది ముందే సోలార్ అంటారు. కారే మోటారుకు సోలార్ పెడితే వృథాను ఎండతో చేస్తున్నట్టే, ఆదా ఏమీ లేదు. పై పనులు అయ్యాక పంచాయతీ భవనం, బడి, సచివాలయం కప్పులు కొలవండి. ఒక కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని చోటు కావాలి, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. 5 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7 వేల యూనిట్ల పైచిలుకు. మిగిలింది గ్రిడ్‌కు పోయేలా నెట్ మీటరు తప్పనిసరిగా అడగండి. బడికి ఎండాకాలమంతా సెలవులు కదా.

ఇళ్లకైతే 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు ఆపైన 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. పంచాయతీ భవనాలకు ఈ రాయితీ వర్తించదు. కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఊరు ఊరంతా సోలార్ పెట్టే ప్రయత్నం 2025 జనవరిలో మొదలైంది, వీలైతే నలుగురిని తీసుకుపోయి చూపించండి. కళ్లతో చూసిన సర్పంచ్‌కు నచ్చజెప్పే పని ఉండదు. తిరుమల కొండ మీద సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి వండే ఏర్పాటు 2002 నాటికే ఉందన్న మాటా వాళ్లకు గుర్తుచేయండి.

చంద్రగిరి, అలిపిరి వైపు ఊళ్లవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. కోతులు. పలకల కింద తీగలు బయటికి వేలాడకుండా గట్టి పైపులో వేయించకపోతే కొన్నాళ్లకే పీకి పారేస్తాయి. పలకలు నెలకోసారి కడిగే మనిషి ఎవరో కూడా ఆ రోజే తీర్మానంలో రాయించండి.

ఆరో అడుగు: నీరు నడిచిన దారిలో నడవండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, కాస్త ఎక్కువసేపు తీసుకుంటుంది.

2021 నవంబరు వానలు మన జిల్లాలో ఎవరూ మరవలేదు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, కపిలతీర్థం దెబ్బతింది, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఇల్లు ఏట్లోకి ఒరిగిపోయింది. రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంతకు నెల ముందే తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిలో వాహనం నీట మునిగి కొత్త పెళ్లికూతురి ప్రాణం పోయింది. 2020లో నివర్, 2023లో మిచాంగ్ తుపానులూ ఇటువైపు కుండపోత కురిపించినవే. మనకు పెద్ద వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపే వస్తాయి.

ఊళ్లో పెద్దవాళ్లను, మేకలు కాసేవాళ్లను, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగంటి కుటుంబం ఇంకా ఉంటే వాళ్లను కూర్చోబెట్టి 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. గోడల మీద ఆ ఎత్తుకు పెయింటుతో గీత గీయించండి. తర్వాత గ్రామ నక్ష, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) కాపీ సర్వేయరు దగ్గర తీసుకుని, పైచెరువు మొరవ (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) నుంచి మీ చెరువు దాకా, అక్కడి నుంచి కిందిచెరువు దాకా వంక వెంట నడవండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైన కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందిదాని మీద పడుతుంది. నక్షలో ఇరవై గజాల వెడల్పున్న వంక నేల మీద రెండు గజాలైన చోట ఫోటో తీసి సర్వే నంబరు రాయండి. తిరుపతి నగరంలో అయితే ఇదే పని వార్డు సచివాలయం వారితో కలిసి చేయాలి. వంక ఏ లేఅవుట్ కిందికి పోయి మాయమైందో, ఏ కల్వర్టు దగ్గర పైపు చిన్నదైందో చూడాలి.

కట్ట దగ్గర చూడాల్సినవి వేరు. సర్కారు తుమ్మ ఎంత మందంగా పెరిగింది, ఎలుకలు, ఉడుములు చేసిన బొరియలు ఎక్కడున్నాయి, కట్ట దిగువన చెమ్మ ఊరుతోందా. ఊరే నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. మట్టి రంగులో వస్తుంటే కట్ట లోపలి మన్ను కొట్టుకుపోతోందని అర్థం. ఆ గంటలోనే జలవనరుల శాఖకు, తహశీల్దారుకు చెప్పాలి, కింది ఊరికి కబురంపాలి. మొరవ దగ్గర ఇంకో తంటా ఉంటుంది. నీళ్లు ఇంకాస్త నిలవాలని రైతులు ఇసుక మూటలు వేస్తారు, చేపలు పోకూడదని చేపల వేలం పాడుకున్నవాళ్లు వలలు కడతారు. వాన రాత్రి ఆ వలకు చెత్త తట్టుకుంటే నీరు మొరవ మీదుగా పోకుండా కట్ట మీదుగా పోతుంది. సెప్టెంబరు చివరికల్లా మొరవ ఖాళీగా ఉండాలని గ్రామసభలో రాయించడానికి పైసా ఖర్చు లేదు.

పూడికతీతకు ఫిబ్రవరి నుంచి మే దాకా సమయం. పూడిక మన్ను పొలాలకు మంచిదే, రైతులు సంతోషంగా ట్రాక్టర్లతో తోలుకుంటారు. కట్టకు దగ్గరగా మాత్రం తవ్వనివ్వకండి. పూడిక పేరు చెప్పి గ్రావెల్ తోలే టిప్పర్ల సంగతి మీకు చెప్పనవసరం లేదు. ఎంత లోతు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది కొలతలతో తీర్మానంలో ఉంటేనే అడిగే హక్కు ఊరికి ఉంటుంది. నా అభిప్రాయంలో పూడిక కన్నా సప్లయి కాలువ బాగుచేయడమే ముందు. నీరు వచ్చే దారి మూసుకుపోతే చెరువు ఎంత లోతుంటే ఏం లాభం?

ఫలితం కొలవడానికి తాగునీటి బోర్లు రెండిట్లో నీటి మట్టం నెలకోసారి రాయండి. భూగర్భ జలశాఖ వాళ్లు నీటి మట్టం కొలిచే బోరు, ఫీజోమీటరు అంటారు, మీ మండలంలో ఎక్కడుందో కనుక్కుని ఆ అంకెతో పోల్చుకోండి.

ఏడో అడుగు: చెత్త

చెత్తకుప్పలో కుళ్లే తడి చెత్త నుంచి వచ్చే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు వేడి పెంచుతుంది. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ షెడ్లు కట్టారు గానీ, చాలాచోట్ల అవి సిమెంటు బస్తాలకో, మేకలకో నీడనిస్తున్నాయి. కొత్త షెడ్డు అడగకండి. ఉన్నదాన్ని నడిపే ఇద్దరు మనుషులకు జీతం ఎక్కడి నుంచో తేల్చండి, కంపోస్టు కొనే రైతుల పేర్లు ముందే రాసుకోండి.

మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లకు వేరే సమస్య. జూన్, జూలైలో టెంకలు, తొక్కలు రోడ్డు పక్కన గుంతల్లో పడి కుళ్లుతుంటాయి, ఈగలు లేస్తాయి. ఆ వాసన వచ్చే చోట మీథేన్ కూడా పుడుతోందనే అనుకోవచ్చు. ఎక్కడ దించుతున్నారో తేదీలతో ఫోటోలు తీసి పంచాయతీ ద్వారా ఫ్యాక్టరీకి లేఖ రాయించండి, నకలు కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. తొక్కలు పశువుల మేతకు, మిగిలింది బయోగ్యాస్‌కు పనికొస్తాయి. పాడి ఎక్కువున్న మన జిల్లాలో పేడ కూడా తోడైతే గ్యాస్ ప్లాంటుకు మేత కరువు కాదు. తిరుపతిలోనైతే హాస్టళ్లు, హోటళ్లు, కల్యాణమండపాల మీద దృష్టి పెట్టండి. రోజుకు 100 కిలోలు మించి చెత్త వచ్చే చోట తడి చెత్తను వాళ్లే చూసుకోవాలని నిబంధనలున్నాయి.

ఎండ గురించి రెండు మాటలే. అంగన్‌వాడీ, బడి, సచివాలయం కప్పులకు మార్చిలోపే తెల్లసున్నమో కూల్‌రూఫ్ పెయింటో వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉపాధి పని వేళలు పొద్దున్నే ముగిసేలా చూడండి. చలివేంద్రం బస్టాపు దగ్గర ఒక్కటి చాలదు, కూలీలు ఎక్కే చోట కూడా ఉండాలి. చెట్లు నాటితే కానుగ, వేప, చింత నాటండి, నాటిన ప్రతి మొక్కకు మూడు వేసవుల నీళ్లు ఎవరు పోస్తారో రాయండి. పేరు రాయలేని మొక్కను నాటకండి.

ఎనిమిదో అడుగు: డబ్బు, తీర్మానం

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. పంచాయతీ ప్రణాళికలు నమోదయ్యే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కని పనికి ఆర్థిక సంఘం డబ్బు రాదు. కాబట్టి మీ కాగితాలు ఆగస్టుకే సిద్ధంగా ఉండాలి. అందులో షరతు మీద వచ్చే టైడ్ గ్రాంటు తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే. మోటారు, పైపులు, చెత్త అందులో చూపించండి. లైట్లకు టైమర్లు సాధారణ నిధిలోంచి. పూడిక, సప్లయి కాలువ ఉపాధి హామీలో. సోలార్‌కు కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగవచ్చు, శ్రీసిటీ పారిశ్రామికవాడ తిరుపతి జిల్లాలోనే ఉంది.

తీర్మానం పొడుగ్గా ఉండక్కర్లేదు. ఇలా రాయించండి:

"గ్రామములోని వీధి దీపముల 6 సర్వీసులకు టైమరు స్విచ్‌లు అమర్చుటకు, అందుకగు ఖర్చును పంచాయతీ సాధారణ నిధి నుండి భరించుటకు, అమర్చిన నాటి నుండి 12 నెలల మీటరు రీడింగులను ప్రతి గ్రామసభ ముందు ఉంచుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

రీడింగుల గురించిన చివరి మాట ముఖ్యం. రీడింగు సభ ముందుకు రావాలని రాయకపోతే టైమరు చెడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. సభ ముగిసిన రోజే తీర్మానం నకలు తీసుకోండి. నెల దాటినా కదలకపోతే ఎంపీడీఓకు, అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నకలు జతచేసి అర్జీ ఇవ్వండి.

ఫైలు ఎవరి దగ్గర ఉండాలి

కార్యదర్శి బదిలీ అవుతాడు, సర్పంచ్ మారతాడు, ఒక్కోసారి సర్పంచ్ లేక ప్రత్యేకాధికారి వస్తాడు. సర్వీసు నంబర్ల జాబితా, మోటారు పరీక్ష అంకెలు, వంక ఫోటోలు, నక్ష నకలు, తీర్మానాలు మూడు ప్రతులు చేయించండి. ఒకటి పంచాయతీలో, ఒకటి హైస్కూలు సైన్సు టీచరు దగ్గర, ఒకటి మహిళా సమాఖ్యలో. నెలనెలా మీటరు రీడింగు, బోరు మట్టం రాసే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పజెప్పండి. పంచాయతీ గోడ మీద నల్లరంగు వేయించి ఆ రెండు అంకెలు సుద్దతో రాయిస్తే, వచ్చే ఏడాది కొత్త కార్యదర్శి వచ్చిన రోజే అదేంటని ఆయనే అడుగుతాడు.